సమ్మక్క సంతకం

"ఫొటో ఇయ్యనంటే ఇయ్యను."

శ్రీలత గొంతు పెంచలేదు. చాటలో బియ్యం ఏరుతున్న చేతులు కూడా ఆపలేదు. ఆ నింపాదితనమే భాస్కర్‌కు మంటెత్తించింది.

"నేనేమన్న నీ మెడల పుస్తెలతాడు అడిగిన్నా? రెండు ఫొటోలడిగిన. పాస్‌పోర్టు సైజువి."

"నా ఫొటో అతికిచ్చి కింద వదినె పేరు రాస్తవు. నేను పోయి రిజిస్ట్రారు ముంగట నిలబడి, నా పేరు సమ్మక్క, మా నాయిన పేరు కనకయ్య అని చెప్పాలె. గంతేనా?"

"గంతే."

"దాన్ని గంతే అంటున్నవా?"

జనగామలో, మీది అంతస్తుకు స్లాబు మాత్రమే పడి ఇంకా గోడలు కట్టని ఆ ఇంట్లో, మొన్నటి నుంచి ఇదే గొడవ. శ్రీలత మామ, భాస్కర్ తండ్రి కనకయ్య పోయి ఏడాది దాటింది. ములుగు ఘనపూర్ దగ్గర రోడ్డు పక్కన ఆయన పొలం ఉంది. దానికి వారసులు ముగ్గురు: భార్య యాదమ్మ, కూతురు సమ్మక్క, ఆమె తర్వాత పుట్టిన భాస్కర్. సమ్మక్క కువైట్‌లో ఒక ఇంట్లో మంచం పట్టిన ముసలామెకు సేవ చేస్తున్నది. భూపాలపల్లి సేటు ఒకాయన రైసు మిల్లుకు ఆ పొలం అడిగాడు. భాస్కర్ మాట ఇచ్చాడు. బయానాగా కొంత డబ్బు కూడా తీసుకున్నాడు. తీసుకున్నాకగానీ మూడో సంతకం సముద్రం అవతల ఉన్నదన్న సంగతి అతనికి గట్టిగా తగల్లేదు.

ఆ సంతకం ఇంట్లోనే దొరుకుతుందని బ్రోకర్ ఉపాయం చెప్పాడు. వదినా మరదళ్లది ఇంచుమించు ఒకే ఎత్తు, ఒకే చామనఛాయ. మొహం ఎవరు పోల్చుకుంటారు?

"బయటి ఆడమనిషిని తెస్తనన్నడు బ్రోకరు. నేనే వద్దన్న," అన్నాడు భాస్కర్. "ఇంటి మనిషివని నిన్నడుగుతున్న."

"ఇంటి మనిషినని నాతోని దొంగతనం చేపిస్తవా?"

"దొంగతనం అనకు! అక్కకు రావాల్సింది అక్కకు పంపుత. నేనేం తినను. అక్క ఒప్పుకున్నది గూడ."

శ్రీలత చేతులు అప్పుడు ఆగాయి. "ఎప్పుడు ఒప్పుకున్నది?"

"మొన్న. ఫోన్ల."

"మొన్న శుక్రారం నేను గూడ మాట్లాడిన వదినెతోని. భూమి ఊసే తియ్యలే."

గోడకు ఆనుకుని కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న యాదమ్మ తల ఎత్తలేదు. ఆమె వేళ్ల మధ్య కాయ విరిగిన చప్పుడొక్కటే వినిపించింది.

"అడిగితే వద్దంటది," అన్నాడు భాస్కర్ చివరికి. గొంతు తగ్గింది. "అందుకే అడగలే."

అతను చెడ్డవాడు కాదు. అది శ్రీలతకు తెలుసు. సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. సకల జనుల సమ్మె మొదలైన రోజు నుంచి టెంటు దగ్గర అందరికంటే ముందు కూచునేది, అందరికంటే వెనక లేచేది అతనే. జీతం లేదు. సేటు బయానా స్లాబులోకి పోయింది. ఇప్పుడు వెనక్కి తిరిగి ఇవ్వమంటే ఇచ్చే దారి లేదు. చిక్కుబడ్డవాడు ఏ కొస దొరికితే అది లాగుతున్నాడు.

అయినా ఆమె వదలదలుచుకోలేదు.

"పొద్దందాక టెంట్ల కూసుంటవు. మన నీళ్లల్ల మన వాటా, మన కొలువులల్ల మన వాటా అని మైకుల గొంతు చినిగేటట్టు మొత్తుకుంటవు. నేను గూడ వచ్చి చప్పట్లు కొట్టిన. మరి మీ అక్క వాటా ఎవ్వలది?"

భాస్కర్ మొహం నల్లబడింది. "గది వేరు, గిది వేరు."

"ఎట్ల వేరో చెప్పు. కూసోని వింట."

అతను తల్లి వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వన్న చెప్పరాదే దీనికి. నీకు ఇష్టమేనా, కాదా?"

యాదమ్మ కొడుకు మొహం చూసింది. వాడి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "నాకేం తెలుసు కొడుకా," అన్నది. "నువ్వెట్లంటే గట్ల."

శ్రీలత చాట పక్కన పెట్టి లేచింది. "వదినె సంతకం కావాల్నంటే వదినెనే పెట్టాలె. కువైట్‌ల ఉంటే కువైట్‌లనే పెడ్తది. ఎంబసీల పెట్టే తొవ్వ ఉన్నదని నువ్వే ఒకపారి చెప్పినవ్."

"చెప్పిన. అల్కటి పనా అది? ఆమె పాస్‌పోర్టు ఇంటామె బీరువల ఉంటది. గేటు దాటనియ్యరు. నువ్వేమన్న కువైట్ పోయి తీస్కొస్తవా?"

"అల్కటి గాదు. అయినా చేపిస్త."

"సమ్మె ఇడిసిన మొదటి రోజే రిజిస్ట్రేషన్ గావాలంటున్నడు సేటు. గప్పటిదాంక నీ కాగితం రాకుంటే నువ్వే నిలబడాలె."

"నిలబడ," అన్నది శ్రీలత. "నువ్వు నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టినా నిలబడ."

భాస్కర్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ పూట అన్నానికి రాలేదు.

* * *

శుక్రవారం సమ్మక్క ఫోను చేసింది. వారంలో ఆ ఒక్క రోజే ఆమెకు ఫోను చేతికి వచ్చేది. బట్టలు ఆరేసే మిద్దె మీద నుంచి మాట్లాడుతుంది. గాలి చప్పుడు మాటల్లో కలిసిపోతుంటుంది.

"పిల్లా, అవ్వ మంచిగున్నదా? తమ్ముడు టెంట్లనే ఉంటున్నడా ఇంకా?"

ఎలా మొదలుపెట్టాలో రెండు రోజులుగా శ్రీలత మనసులో కూర్చుకుంటూనే ఉంది. ఇప్పుడు అవేవీ నోటికి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఫొటోల సంగతి కూడా దాచలేదు.

అటు గాలి చప్పుడు మాత్రమే వినిపించింది. ఫోను తెగిపోయిందేమో అనుకున్నది శ్రీలత.

"వదినె? ఉన్నవా?"

"ఉన్న." సమ్మక్క గొంతు మారిపోయింది. "నా చెయ్యి పట్టుకోని బడికి పోయిన పోరడు. గిట్లన్నడా?"

"చిక్కుల పడ్డడు వదినె. బుద్ధి పని చేస్తలేదు."

"వాణ్ని ఎనకేసుకరాకు నా ముంగట."

మొగుడు వదిలేస్తే పుట్టింటికి వచ్చిన నాటి నుంచి ఆ పొలం సమ్మక్కదే. కాగితం మీద కాదు, చేతుల మీద. కనకయ్యకు ఊపిరితిత్తులు పాడై మంచాన పడితే, నారు పోసింది ఆమె, నీళ్లు కట్టింది ఆమె. ఆయన దవాఖాన ఖర్చులకే కువైట్ విమానం ఎక్కింది. తిరిగొచ్చాక బావి పక్కన రెండర్రలు వేసుకుని ఉంటానని శ్రీలతతో ఎన్నిసార్లో చెప్పుకున్నది.

"పొలం అమ్మనియ్య," అన్నది ఇప్పుడు. "చెప్పు వానికి."

"నేను చెప్తే ఆగేటట్టు లేడు. నీ మాట కాగితం మీదికి రావాలె. నీ తరఫున ఇక్కడ ఒకలు నిలబడేటట్టు అధికార పత్రం రాసియ్యాలె. గప్పుడు ఆ మనిషి ఎట్లంటే గట్ల, ఇంకోలు నీ పేరు చెప్పుకోని ముంగటికొస్తే ఆ కాగితం చూపిచ్చి ఆపొచ్చు."

"ఎవ్వల పేరు మీద?"

"అత్తమ్మ పేరు మీద రాపిస్త. కన్నతల్లి గదా, ఎవ్వలూ మాటనరు."

సమ్మక్క "ఊఁ" అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు.

మర్నాడు శ్రీలత దస్తావేజులు రాసే ఆయన ఇంటికి వెళ్లింది. సమ్మెతో రిజిస్ట్రారు ఆఫీసు మూతబడి ఆయన వాకిట్లో పేపరు చదువుతూ కూచున్నాడు. ముందు పని లేదన్నాడు. తర్వాత ఆమె ముఖం చూసి కళ్లజోడు పెట్టుకున్నాడు.

"సూడు బిడ్డా, మేము రాసిచ్చేది ఉత్త కాగితమే. మీ వదినె ఇంట్ల కూసోని సంతకం పెట్టి పంపితే చెల్లది. ఎంబసీకి పోవాలె. అక్కడి ఆఫీసరు చూస్తుంటే పెట్టాలె. నా ముంగటనే పెట్టిందని ఆయన గూడ సంతకం చేసి ముద్ర ఏస్తడు. గది మన దేశానికి వచ్చినంక మూడు నెలల్ల జిల్లా రిజిస్ట్రారు దగ్గర మళ్ల ముద్ర ఏపియ్యాలె. మధ్యల ఏ ఒక్కటి తప్పినా పనికిరాదు."

"తప్పనియ్య," అన్నది శ్రీలత.

ఆయన అన్ని దస్తావేజుల్లో రాసినట్టే రాశాడు: ఆస్తిని ఉంచడానికి, కౌలుకివ్వడానికి, అమ్మడానికి, నా తరఫున సంతకం చేయడానికి. అధికారం పుచ్చుకునే మనిషి అన్న చోట యాదమ్మ పేరు. కంప్యూటర్ సెంటరతను దాన్ని కువైట్‌లోని టైపింగు దుకాణానికి మెయిల్‌లో పంపాడు. ఆ దుకాణం అడ్రసు ఇచ్చింది రాంజీ. సమ్మక్క పనిచేసే ఇంట్లోనే డ్రైవరు, మానుకోట దగ్గరి తండావాడు. సమ్మక్కను అక్కా అని పిలుస్తాడు. త్వరలో సెలవు మీద ఇంటికి రాబోతున్నాడు. కాగితం తెచ్చేది అతనే.

తర్వాతి శుక్రవారం ఫోను రెండు ముక్కల్లోనే ముగిసింది.

"పాస్‌పోర్టు ఇయ్యనన్నది మేడం. పారిపోత అంటది."

"మరి ఎట్ల వదినె?"

"ఎట్లనో ఒకట్ల. నువ్వు పరేషాన్ గాకు. నేను ఇడువ."

ఆ తర్వాత శుక్రవారం ఫోను రాలేదు. దాని తర్వాతదీ రాలేదు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. భాస్కర్ వస్తాడు, కాళ్లు కడుక్కుంటాడు, వడ్డించింది తింటాడు. "ఉప్పు" అంటాడు, "నీళ్లు" అంటాడు. శ్రీలత ఇస్తుంది. ఒకరోజు అన్నం ముందు కూచుని, "వచ్చిందా ఫోను?" అన్నాడు. లేదని తలూపింది. అతని ముఖంలో సంతోషం కనబడుతుందని చూసింది. కనబడలేదు. అన్నం కలిపి, తినకుండా చాలాసేపు కూచున్నాడు.

ఒక మధ్యాహ్నం అతను లేనప్పుడు బ్రోకర్ వచ్చాడు. శ్రీలత మంచినీళ్లిచ్చింది. అతను తాగి గ్లాసు కింద పెట్టేవరకు ఆగింది.

"అన్నా, ఒక మాట. ఎవ్వతన్న మా వదినె పేరు చెప్పుకోని ఆ ఆఫీసుల నిలబడ్డనాడు, నేను గూడ అక్కడనే ఉంట. అందరి ముంగట లొల్లి చేస్త. మా ఆయన ఉన్నా చేస్త."

బ్రోకర్ యాదమ్మ వైపు చూసి నవ్వబోయాడు. యాదమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

* * *

దసరా వెళ్లిన తర్వాత ఒక ఉదయం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది.

"అక్కా, నేను చాందీ. రాంజీ భార్యను. మా ఆయన నిన్న దిగిండు. మీ కాగితం ఉన్నది. ఆయనకు జరం వచ్చింది, లేస్తలేడు. బస్సులు గూడ లేవాయె. నువ్వే రాగల్గుతవా?"

"ఇప్పుడే బయలెల్తున్న."

భాస్కర్ గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచే చూశాడు.

"రైళ్లు బంద్. ఆర్టీసీ బంద్. ఎట్ల పోతవ్ మానుకోట?"

"బండి మీద దించుతవా?"

అతను మళ్లీ అద్దం వైపు వంగి బ్లేడు అందుకున్నాడు. శ్రీలత ఒక సంచిలో చీర, నీళ్ల సీసా పెట్టుకుని చౌరస్తాకు నడిచింది.

పాలకుర్తి దాకా జీపు దొరికింది. లోపల చోటు లేక వెనక మెట్టు మీద ఇద్దరు నిలబడ్డారు. అక్కడి నుంచి తొర్రూరుకు ట్రాలీ ఆటో. ఇంకో ఆటోలో తొర్రూరు దాటాక రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు. జెండాలు, డప్పులు, పొగ. బండ్లన్నీ నిలిచిపోయాయి.

శ్రీలత దిగి, గరిటె పట్టుకున్న పెద్దామె దగ్గరికి వెళ్లింది. "అవ్వా, జర తొవ్వ ఇయ్యరాదుండ్రి. మానుకోటకు పోవాలె."

"ఏం పనే బిడ్డా? దవాఖానా?"

"కాదు. మా ఆడిబిడ్డ దేశం కాని దేశంల ఉన్నది. ఆమె భూమి ఆమెకు కాకుండ పోతున్నది. ఆమె సంతకం తేనీకి పోతున్న."

పెద్దామె ఆమెను కింది నుంచి మీది దాకా చూసింది. "వదినె కోసం పోతున్నవా నువ్వు?" అని విస్తరిలో పులగం పెట్టించింది. "తిను. తిన్నంక పో. ఏయ్ పెద్దులూ, గా ట్రాక్టరు ఎనుకకు తియ్యి! ఈ పిల్ల ఆటోను పోనియ్యి!"

తండా చేరేసరికి పొద్దు వాలింది. రాంజీ ఇంటి ముందు నులక మంచంలో దుప్పటి కప్పుకుని కూచుని ఉన్నాడు. చాందీ అతనితో లంబాడీలో ఏదో అన్నది. అతను లేవబోయాడు. శ్రీలత వద్దని చెయ్యి చూపి, మంచం ముందున్న పీట మీద కూచున్నది.

చాందీ లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. శ్రీలత వెంటనే విప్పలేదు. "వదినె మంచిగున్నదా? ఫోనెందుకు చేస్తలేదు?"

"ఫోను గుంజుకున్నరు అక్కా. పాస్‌పోర్టు అడిగినందుకు." రాంజీ దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "నేను ఎన్కకు తగ్గుతదనుకున్న. తగ్గలే. పొద్దున ముసలామెకు తానం పోస్తది, బువ్వ తినిపిస్తది, మందులేస్తది, ఒక్క పని ఆపలే. పనైనంక మేడం ముంగటికి పోయి నిలబడ్తది. పాస్‌పోర్టు అంటది. పో అంటే పోతది. మళ్ల తెల్లారి పోయి నిలబడ్తది. తిట్టినా గంతే, కొడ్తనన్నా గంతే."

"కొట్టిన్రా?"

"లే. ముసలామె ఆపింది. మంచంల పడి ఉన్నది గని తన బిడ్డైన మేడంను గట్టిగ మందలిచ్చింది. గప్పుడు సమ్మక్క ఏమన్నదో తెలుసా? పాస్‌పోర్టు నా చేతికి ఇయ్యకు మేడం, నువ్వే పట్టుకోని రా. నేను ఉత్తగ సంతకం పెట్టొస్త అన్నది. ఇగ మేడం మాతోని బయలెల్లింది. నేనే తోలిన కారు. ఎంబసీ ముంగట మేడం కార్ల కూసున్నది, పాస్‌పోర్టు నాకిచ్చి, ఇది పోతే నువ్వే జిమ్మేదారి అన్నది."

చాందీ టీ తెచ్చింది. శ్రీలత గ్లాసు పట్టుకున్నదేగానీ తాగలేదు.

"లైను మస్తుగున్నది. మన వంతు వచ్చింది. అద్దం ఎన్క ఆఫీసరు హిందీల అడుగుతున్నడు. నేను తెలుగుల చెప్తున్న. ఎవరన్న బెదిరిచ్చి పెట్టిస్తున్నరా అమ్మా అన్నడు. సమ్మక్క ఏమన్నది? బెదిరిస్తే రాకపోదును సారూ, అక్కడ బెదిరిస్తున్నరనే వచ్చిన అన్నది."

శ్రీలత నవ్వింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి.

"కాగితంల ఏమున్నదో తెలుసా అన్నడు. చదువుత అన్నది. ఏలు పెట్టుకుంట మెల్లగ చదివింది. ఎన్క లైన్ల ఉన్నోళ్లు గునుస్తున్నరు. అంత చదివి మళ్ల మొదటి పేజీకొచ్చి ఆగింది. సార్, గీ పేరు మార్చాలె అన్నది."

"ఏ పేరు?"

రాంజీ కవరు వైపు చూశాడు. "నువ్వే చూడక్కా."

శ్రీలత కాగితాలు తీసింది. మొదటి పేజీ మీద సమ్మక్క ఫొటో, దాని మీద సగం పడిన గుండ్రటి ముద్ర. తిప్పింది. కింద సమ్మక్క సంతకం, పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కొక్కటి విడివిడిగా. దాని పక్కన ఆఫీసరు సంతకం. తన సమక్షంలో సంతకం చేసిందని ఇంగ్లీషులో ఒక వరుస. సాక్షిగా రాంజీ పేరు. మళ్లీ మొదటి పేజీకి వచ్చి, యాదమ్మ పేరు ఉండాల్సిన చోట చూసింది.

శ్రీలత. భర్త భాస్కర్. నివాసం జనగామ.

రెండోసారి చదివింది. అదే ఉంది.

"మార్చాలంటే మళ్ల టైపు చేపిచ్చుకరావాలె అన్నడు ఆఫీసరు. కౌంటరు మూసే యాళ్ల అయితున్నది. బయట మేడం హారను కొడ్తున్నది. అక్కా, అవ్వ పేరే ఉండనియ్యరాదు, మళ్ల తోలుకరాదు మేడం అని నేనన్న. ఇన్లే. ఉరికింది ఎంబసీ పక్కనున్న టైపింగు దుకాణానికి. చెప్పులు ఎన్కనే ఇడిసిపెట్టి ఉరికింది. నేను కౌంటరు కాడ నిలబడి సార్ను బతిలాడుకుంట ఉన్న. తెచ్చింది. పెట్టింది సంతకం. ఆయన ముద్ర ఏసినంక లేశిండు కుర్చీలకెళ్లి."

"ఎందుకు మార్చింది?"

"నేను గూడ అడిగిన. అవ్వ కొడుకు కండ్లల నీళ్లు చూస్తే ఎక్కడ చూపిస్తే అక్కడ ఏలిముద్ర ఏస్తది అన్నది. నా మరదలు ఎయ్యది అన్నది." రాంజీ దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. "ఇంకో మాట గూడ చెప్పమన్నది. నేను వచ్చేదాంక పొలం అట్లనే ఉండాలె, గది శ్రీలత చూసుకుంటది అని చెప్పు అన్నది. గంతే అక్కా."

ఆ రాత్రి చాందీ శ్రీలతను కదలనివ్వలేదు. జొన్నరొట్టె పెట్టి, తన పక్కనే పడుకోబెట్టుకున్నది. కాగితాల కవరు తల కింద పెట్టుకుని శ్రీలత పడుకున్నది. వదినె తన మీద మోపిన నమ్మకం ఎంత బరువో అప్పుడు తెలుస్తున్నట్టు అనిపించింది. కాళ్లు నొస్తున్నా నిద్రకు ముందు ఒక నిర్ణయం మాత్రం స్థిరపడింది. ఇంట్లో ఎవరేమన్నా, ఈ మాట దాటేది లేదు.

* * *

మర్నాడు ఇల్లు చేరేసరికి భాస్కర్ వాకిట్లోనే ఉన్నాడు. బండి తుడుస్తున్నాడు. ఆమెను చూసి గుడ్డ కింద పెట్టాడు.

"వచ్చినవా?" అన్నాడు. తర్వాత, మొహం పక్కకు తిప్పుకుని, "నేను తెల్లారి బయలెల్దామనుకున్న. ఎక్కడ ఎదురైతవో తెల్వక ఆగిన," అన్నాడు.

అది నిజమో కాదో శ్రీలత ఆరా తీయలేదు. నీళ్లు తాగి, కవరు అతని చేతిలో పెట్టింది.

యాదమ్మ వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. భాస్కర్ ముద్రలు చూశాడు. అక్క సంతకం దగ్గర వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంచాడు. తర్వాత మొదటి పేజీకి వచ్చాడు.

"గిదేంది? అవ్వ పేరు లేదు."

"నా పేరున్నది."

"నీ పేరు మీద ఇచ్చిందా అక్క?"

"ఇచ్చింది."

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. భాస్కర్ మళ్లీ చదివాడు, ఈసారి పెదవులు కదుపుతూ. చదువుతున్నకొద్దీ అతని మొహం విచ్చుకుంటూ వచ్చింది. చాలా రోజుల తర్వాత శ్రీలత అతని నవ్వు చూసింది.

"మంచిగైంది," అన్నాడు. "శ్రీలతా, మస్తు మంచిగైంది పో! నువ్వన్నట్టే అయింది. ఇగ దొంగ సంతకం అనే ముచ్చటే లేదు. ఎంబసీ ముద్ర ఉన్నది. నీ ఫొటోతోనే, నీ పేరుతోనే నిలబడు. నీ సంతకమే పెట్టు."

తండా నుంచి ఇక్కడి దాకా దారి పొడుగునా ఎన్నో ఆలోచించింది శ్రీలత. అతను కోప్పడతాడనుకున్నది. కాగితం చింపబోతాడేమోనని కూడా భయపడింది. ఇలా సంతోషిస్తాడని మాత్రం అనుకోలేదు.

"వదినె అమ్మొద్దన్నది," అన్నది.

"ఎక్కడన్నది? ఇగో, అమ్ముటానికి అధికారం ఇచ్చిన అని రాసున్నది. నువ్వే రాపిచ్చినవ్."

"కాగితంల లేదు. నోటితోని చెప్పి పంపింది. వచ్చేదాంక పొలం అట్లనే ఉండాలె అన్నది."

"నోటి మాట ఆఫీసుల చెల్లదు." అతని గొంతులో కాఠిన్యం లేదు. బతిమాలుతున్నట్టే ఉంది. "జర అర్థం చేసుకో. బయానా తిరిగియ్యాలంటే నేను ఎక్కడికెళ్లి తేవాలె? నా పరువేం గావాలె? ఎవలకూ అన్యాయం చేస్తలేం. అక్క పైసలు అక్క పేరు మీదనే బ్యాంకుల ఏస్తం. నీ చేతులతోనే ఏద్దువు."

"నేను పెట్ట."

"శ్రీలతా."

"వదినె నన్ను నమ్మి రాసిచ్చింది. నేను పెట్ట."

అతను కాగితాలు మడిచి కవర్లో పెట్టాడు. చింపలేదు, విసరలేదు. జాగ్రత్తగా ఆమె చేతికే తిరిగి ఇచ్చాడు. ఆ జాగ్రత్త చూసి శ్రీలతకు భయం వేసింది.

జేబులోంచి ఫోను తీసి, ఆమె కళ్లలోకి చూస్తూనే నంబరు నొక్కాడు.

"సేటూ, నేను భాస్కర్‌ను. సమ్మె రేపో ఎల్లుండో ఇడుస్తరంటున్నరు. ఆఫీసు తెరిచిన నాడే రాండ్రి... లేదు, లేదు, ఇగ బ్రోకరుతోని పని లేదు. అంత సక్రమమే. సంతకం పెట్టే మనిషి మా ఇంట్లనే ఉన్నది."

శ్రీలత కవరు తీసుకెళ్లి యాదమ్మ చేతుల్లో పెట్టింది. యాదమ్మ ఒక్క క్షణం తడబడి, దాన్ని రెండు చేతులా పట్టుకుని గుండెకు ఆనించుకున్నది. కొడుకు వైపు చూడలేదు.

శ్రీలత వెనక్కి వచ్చి భర్త ముందు నిలబడి చెయ్యి చాచింది.

"ఫోన్ ఇటియ్యి. సేటుతోని నేను మాట్లాడ్త."

భాస్కర్ ఫోను ఇవ్వలేదు. పెట్టేయనూ లేదు. "భాస్కర్, ఎవలది ఆ గొంతు? ఏమంటున్నరు? హలో?" అని అందులోంచి సేటు గొంతు వినిపిస్తూనే ఉంది.

శ్రీలత చాచిన చెయ్యి దించలేదు.